పిన్ కోడ్‌ను విప్పి చూడటం ఎలా: నెల్లూరు 524001తో మొదలుపెట్టి

ఒక గళ్ల నోటు పుస్తకం తీసుకుని మీ ఊరి పిన్ కోడ్ పెద్దగా రాయండి. నేను నెల్లూరులో ట్యూషన్లు చెప్పుకునేవాణ్ని కాబట్టి నా పేజీలో 524001 ఉంది. ఈ సంఖ్య దేనితో తయారైంది, ఎన్ని సంఖ్యలు దీన్ని నిశ్శేషంగా భాగిస్తాయి, దీన్ని వర్గాలుగా విడగొట్టగలమా లేదా, ఇవన్నీ చేత్తోనే ఎలా తేల్చాలో చెబుతాను. కావలసింది పెన్సిలు, రబ్బరు, ఇరవై దాకా ఎక్కాలు. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే ఉండనివ్వండి, చివర్లో సరిచూసుకోవడానికి తప్ప ముట్టుకోకండి.

పిన్ కోడే ఎందుకంటే, పెద్ద సంఖ్య అనగానే పిల్లలకు టెన్షన్ వస్తుంది, కానీ పిన్ కోడ్‌కి ఎవరూ భయపడరు. ఆరు అంకెలంటే ఎక్కాలకు అందనంత పెద్దది, ఒక సాయంత్రంలో తేలేంత చిన్నది. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి మొదలైంది. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఉన్న మండలం. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాను చెబుతాయి: నెల్లూరు వైపు 524, ఒంగోలు వైపు 523. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపినా దాని పిన్ 523105 అలాగే ఉండిపోయింది. తపాలా వాళ్లకు ఇది చిరునామా గుర్తు మాత్రమే, దీన్ని భాగించి చూస్తారని వాళ్లు అనుకుని ఉండరు. మనకు అదే సరదా.

మొదటి పని, సంఖ్యను రెండు రకాలుగా కామాలు పెట్టి రాసుకోవడం. మన పద్ధతిలో 5,24,001. ఐదు లక్షల ఇరవై నాలుగు వేల ఒకటి. ఇది నోటితో చదవడానికి. రెండోది మూడేసి అంకెలుగా విడదీసి 524, 001. ఇది లెక్కకు. ఎందుకో ఇంకాసేపట్లో చెబుతాను.

రెండో పని, చివరి అంకె చూడటం. 1 ఉంది కాబట్టి 2, 5 రెండూ పోయాయి. తర్వాత అంకెలు కూడండి: 5+2+4+0+0+1 = 12. పన్నెండును 3 భాగిస్తుంది, 9 భాగించదు. కాబట్టి 524001ని కూడా 3 భాగిస్తుంది, 9 భాగించదు. ఈ సూత్రం ఆరో తరగతిలో అందరూ బట్టీ పట్టిందే, కారణం మాత్రం చాలామంది అడగరు. లక్ష అంటే 99,999 కి ఒకటి ఎక్కువ. 99,999 ని 9 భాగిస్తుంది. అంటే ఐదు లక్షల్లోంచి తొమ్మిదులన్నీ తీసేస్తే 5 మిగులుతుంది. ఇరవై వేలలో 2, నాలుగు వేలలో 4. అలా ప్రతి స్థానంలో ఆ అంకె మాత్రమే మిగులుతుంది, అవన్నీ కూడితే అంకెల మొత్తం. అంతే.

3తో భాగించండి. 174667 వస్తుంది. దీని అంకెల మొత్తం 31, కాబట్టి ఇంకో 3 లేదు.

మూడో పని నాకు బాగా ఇష్టమైనది. 7, 11, 13 మూడింటినీ ఒకే దెబ్బకు చూడొచ్చు. 7×11×13 = 1001. వెయ్యికి ఒకటి ఎక్కువ. అందుకని సంఖ్యను మూడంకెల ముక్కలుగా విడగొట్టి, ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే వచ్చే చిన్న సంఖ్యను 7, 11, 13లలో ఏది భాగిస్తే అసలు సంఖ్యనూ అదే భాగిస్తుంది. నెల్లూరుకు 524 − 001 = 523. దీన్ని 7తో భాగిస్తే 5, 11తో 6, 13తో 3 మిగిలాయి. మూడూ కావు. పెద్ద భాగహారాలు మూడు తప్పాయి.

కందుకూరు మీద చూడండి: 523 − 105 = 418. ఇది 11×38. అంటే 523105లో 11 ఉంది. చివర 5 ఉంది కాబట్టి 5 కూడా ఉంది. 523105 = 5×11×9511. మిగిలిన 9511 ప్రధాన సంఖ్యే, కావాలంటే సరిచూసుకోండి. ఇక్కడ ఒక గొయ్యి ఉంది, పిల్లలు తరచూ పడతారు. 418ని 19 కూడా భాగిస్తుంది కదా, అయితే కందుకూరు పిన్‌లో 19 ఉన్నట్టేనా అని అడుగుతారు. లేదు. 1001లో ఉన్నవి 7, 11, 13 మాత్రమే, ఈ చిట్కా వాటికే చెల్లుతుంది.

నాలుగో పని, ఎక్కడ ఆగాలో ముందే తెలుసుకోవడం. ఇది తెలియకే చాలామంది మధ్యలో పెన్సిల్ పడేస్తారు. ఒక సంఖ్యకు కారణాంకాలు జంటలుగా ఉంటాయి, జంటలో చిన్నది ఎప్పుడూ వర్గమూలాన్ని దాటదు. మన చేతిలో ఇప్పుడు 174667 ఉంది. 400 వర్గం 1,60,000. 420 వర్గం 1,76,400. 418 వర్గం 1,74,724, కొంచెం ఎక్కువైంది. కాబట్టి 417 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. అన్ని చూడాలా అని నీరసపడకండి, కారణాంకం దొరికిన ప్రతిసారీ ఈ హద్దు ఎండాకాలం చెరువులో నీళ్లలాగా వెనక్కి పోతుంది.

17తో చూడండి. 17×10274 = 174658, 9 మిగిలింది. కాదు.

19తో చూడండి. నేను భాగహారం నిలువుగా చేయను, ముక్కలు తీసేస్తాను. 19×9000 = 1,71,000 తీసేస్తే 3667. 19×190 = 3610 తీసేస్తే 57. అది 19×3. మొత్తం 9193 సార్లు, శేషం లేదు. దొరికింది.

ఇప్పుడు చేతిలో 9193. దీని వర్గమూలం 96 కన్నా తక్కువ. హద్దు 417 నుంచి 95కి దిగింది. 19నే మళ్లీ చూడాలి, ఒకే కారణాంకం రెండుసార్లు ఉండొచ్చు కదా. 19×483 = 9177, మిగులు 16. తర్వాత 23: 23×399 = 9177, మిగులు 16. రెండింటికీ అదే 9177, అదే 16! మొదటిసారి చేసినప్పుడు తప్పు చేశానేమో అని రెండూ మళ్లీ గుణించాను. 9177లో 19, 23 రెండూ ఉన్నాయి, అంతే సంగతి. తర్వాత 29: 29×317 = 9193. దొరికింది.

317 వర్గమూలం 18 కన్నా తక్కువ. 17 దాకా ఉన్నవన్నీ ఇంతకుముందే కాదని తేలిపోయాయి. కాబట్టి 317 ప్రధాన సంఖ్య, పని అయిపోయింది.

524001 = 3 × 19 × 29 × 317

తిరిగి గుణించి చూడండి. ఇది ఎప్పుడూ మానకండి. ఎందుకో ఒంగోలు దగ్గర నా పరువు పోయిన కథ చెప్పినప్పుడు తెలుస్తుంది.

ఇక ఐదో పని, ఈ నాలుగు ప్రధాన కారణాంకాలతో సంఖ్య గుణాలు చదవడం. భాజకాలు ఎన్ని? ప్రతి కారణాంకాన్నీ తీసుకోవచ్చు, మానేయొచ్చు. రెండేసి దారులు, నాలుగుసార్లు: 2×2×2×2 = 16. జంటలుగా రాస్తే ఇవి: 1×524001, 3×174667, 19×27579, 29×18069, 57×9193, 87×6023, 317×1653, 551×951. ఈ చివరి జంటను గుర్తుపెట్టుకోండి, దాంతో పని ఉంది.

భాజకాలన్నీ కూడాలంటే పదహారూ వరసగా రాసి కూడక్కర్లేదు. (1+3)(1+19)(1+29)(1+317), అంటే 4×20×30×318 = 7,63,200. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 2,39,199. తన భాజకాల మొత్తం తనకన్నా తక్కువైంది. 6కి చూడండి: 1+2+3 = 6, సరిగ్గా సరిపోయింది. అలాంటివే పరిపూర్ణ సంఖ్యలు: 6, 28, 496, 8128. నెల్లూరు ఆ వరసకు చాలా దూరం. దీనికి వ్యతిరేకంగా కనిగిరి పిన్ 523230 చూడండి. 2×3×5×107×163. భాజకాలు 32. వాటి మొత్తంలోంచి అసలు సంఖ్యను తీసేసినా 7,52,034 మిగులుతుంది, తనకన్నా రెండు లక్షలకు పైగా ఎక్కువ. కరువు ప్రాంతమని పేరున్న కనిగిరికి పిన్ కోడ్‌లోనైనా సమృద్ధి ఉంది.

ఇప్పుడు ఒంగోలు, 523001. అంకెల మొత్తం 11, కాబట్టి 3 లేదు. 523 − 001 = 522, దీన్ని 7, 11, 13 ఏవీ భాగించవు. 17, 19, 23, 29 కూడా కావు. 31 దగ్గర తగులుతుంది: 31×16871. ఇక్కడిదాకా నెల్లూరు కన్నా పెద్ద కష్టమేమీ లేదు. కష్టం ఇక్కడే మొదలవుతుంది. 16871 వర్గమూలం 130కి కాస్త తక్కువ. అది ప్రధానమని చెప్పాలంటే 31 నుంచి 127 దాకా 21 ప్రధాన సంఖ్యలతో విడివిడిగా భాగించి, ప్రతిసారీ ఎంతో కొంత మిగిలిందని చూడాలి. దొరికితే ఒక్క భాగహారం చాలు, లేదని చెప్పాలంటే ఇరవై ఒకటి. ఊళ్లో ఒక మనిషి ఉన్నాడని చెప్పడం తేలిక, లేడని చెప్పాలంటే ఇల్లిల్లూ తిరగాలి.

నేను ఈ 21 చేస్తూ 47 దగ్గర 359 సరిగ్గా సరిపోయిందని రాసేసి, ట్యూషన్లో గొప్పగా బోర్డు మీద పెట్టాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి వెనక బెంచీలోంచి లేచి, “సార్, గుణిస్తే రెండు ఎక్కువొస్తోంది సార్” అంది. 47×359 = 16873. తీసివేతలో రెండు మింగేశాను. తిరిగి గుణించకుండా బోర్డెక్కించినందుకు శాస్తి అయింది.

గుణించడానికి బద్ధకమైతే కనీసం తొమ్మిదులు తీసేసి చూడండి. 47 అంకెలు కూడితే 11, మళ్లీ కూడితే 2. 359కి 17, తర్వాత 8. 2×8 = 16, అంటే 7. ఇక 16871కి 23, అంటే 5. ఏడు ఎక్కడ, ఐదు ఎక్కడ? అరనిమిషంలో తప్పు పట్టుబడేది. అయితే ఈ పరీక్షలో సరిపోయినంత మాత్రాన లెక్క ఒప్పని కాదు. 16871 బదులు 16817 అని అంకెలు తారుమారు చేస్తే ఇది కనిపెట్టలేదు, మొత్తం మారదు కదా. తప్పును పట్టిస్తుంది, ఒప్పుకు పూచీ ఇవ్వదు.

ఒంగోలు పిన్ లెక్క ఇంతే: రెండే ప్రధాన కారణాంకాలు, నాలుగే భాజకాలు. పక్కపక్క జిల్లాల పెద్ద తపాలా కార్యాలయాలు, పిన్‌ల తేడా సరిగ్గా 1000. ఆ తేడాతోనే ఇంకో గుణం ఉచితంగా వస్తుంది. రెండింటినీ భాగించే సంఖ్య ఏదైనా ఉంటే అది తేడాను కూడా భాగించాలి. 1000లో ఉన్నవి 2, 5 మాత్రమే. రెండు పిన్‌లూ 1తో ముగుస్తాయి కాబట్టి 2 లేదు, 5 లేదు. గ.సా.భా. 1. కారణాంకాలు తెలియకపోయినా ఈ మాట చెప్పేయొచ్చు.

ఇప్పుడు నెల్లూరుకు వేరే దారి. భాగహారం లేకుండా కారణాంకాలు పట్టే పద్ధతి ఇది, ఫెర్మా అనే ఫ్రెంచ్ న్యాయవాదిది. సంఖ్య వర్గమూలానికి పైన ఉన్న మొదటి పూర్ణ సంఖ్యతో మొదలుపెట్టి, దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేయాలి. మిగిలింది కూడా వర్గమైతే దొరికినట్టే. 724 వర్గం 5,24,176, మిగులు 175. వర్గం కాదు. 725 వర్గం 5,25,625, మిగులు 1624. నలభై వర్గం 1600, నలభై ఒకటి వర్గం 1681, ఈ మధ్యలో పడింది, కాదు. 726కి 3075. చివర 5 ఉన్న వర్గం ఎప్పుడూ 25తోనే ముగుస్తుంది, కాబట్టి 75 చూడగానే వదిలేయొచ్చు. 727కి 4528. వర్గం ఎప్పుడూ 2, 3, 7, 8లతో ముగియదు, ఇదీ పోయింది. ఇలా చాలావాటికి చివరి అంకెలు చూసి ముందుకు పోవచ్చు. 28వ ప్రయత్నంలో 751 వస్తుంది. దాని వర్గం 5,64,001. మిగులు 40,000. అది 200 వర్గం!

524001 = 751² − 200² = (751 − 200)(751 + 200) = 551 × 951

ఇందాక గుర్తుపెట్టుకోమన్న జంట ఇదే. జంటల్లో రెండు సంఖ్యలు బాగా దగ్గరగా ఉన్నది ఇదొక్కటే, అందుకే ఈ పద్ధతికి ముందు ఇదే దొరుకుతుంది. 951 అంకెల మొత్తం 15, కాబట్టి 3×317. 551 మీద మళ్లీ అదే పద్ధతి వాడితే మొదటి ప్రయత్నంలోనే పడుతుంది: 24 వర్గం 576, మిగులు 25. కాబట్టి 19×29. సాఫీగా నాలుగూ వచ్చేశాయి.

ఫెర్మా 1643 ప్రాంతంలో 2,02,76,51,281 అనే సంఖ్యను ఇలాగే 44021×46061 గా విడగొట్టాడు. 45030 నుంచి మొదలుపెడితే 45041 దగ్గర, అంటే పన్నెండో ప్రయత్నంలో దొరుకుతుంది. మామూలు భాగహారంతో అయితే 44021 దాకా ఎక్కాలి.

ఇంత బాగుంటే అన్నిటికీ ఇదే వాడొచ్చుగా అనుకోకండి. ఒంగోలు మీద వాడితే మీ నోటు పుస్తకం అయిపోతుంది. 31, 16871 రెండూ చాలా ఎడం. వాటి సగటు 8451. 724 దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా నడిస్తే 7728 ప్రయత్నాలు. మామూలు భాగహారానికి పదకొండో ప్రధాన సంఖ్య దగ్గరే దొరికింది. కాబట్టి నేను చేసేది ఏమిటంటే, ముందు 31 దాకా భాగహారం, ఏదీ తగలకపోతే ఫెర్మా పద్ధతి ఒక పేజీ, అదీ పనిచేయకపోతే మళ్లీ భాగహారానికి. రెండు వలలు వేస్తే చిన్న చేపా పెద్ద చేపా రెండూ పడతాయి.

ఇక కావలి, 524201. దీని మీద నేను రెండు సాయంత్రాలు కూర్చున్నాను. చివర 1, అంకెల మొత్తం 14, 524 − 201 = 323, దాన్ని 7, 11, 13 ఏవీ భాగించవు. 17, 19, 23... ఏదీ తగలదు. వర్గమూలం 724. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 128 ఉన్నాయి. 128 భాగహారాలు ఎవరు చేస్తారు?

కాస్త ఆగి చూస్తే ఒక సంగతి కనబడింది. 724 వర్గం 5,24,176 అని ఇందాకే రాశాం. దానికి 25 కలిపితే 5,24,201. అంటే కావలి పిన్ 724² + 5². రెండు వర్గాల మొత్తం!

ఇది సగం పని తగ్గిస్తుంది. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలు ఉన్నాయి చూడండి, 3, 7, 11, 19, 23, 31, 43 ఇలాంటివి. ఇవి రెండు వర్గాల మొత్తాన్ని భాగించాలంటే ఆ రెండు సంఖ్యలనూ విడివిడిగా భాగించాల్సిందే. ఇక్కడ ఒకటి 5. దాన్ని ఇవేవీ భాగించలేవు. కాబట్టి ఆ జాతి మొత్తం ఒక్క మాటతో కొట్టేయొచ్చు. సరి సంఖ్య కాదు కాబట్టి 2 కూడా పోయింది. మిగిలినవి 61.

ఆ 61 కూడా తేలికే. పెద్ద సంఖ్యను భాగించకండి, 724ని భాగించండి. 73 తీసుకోండి. 73×10 = 730, అంటే 724 దానికి 6 తక్కువ. 6 వర్గం 36, దానికి 25 కలిపితే 61. 73 లోపే ఆగిపోయింది, సున్నా కాలేదు, కాబట్టి భాగించదు. 241 తీసుకోండి: 241×3 = 723, ఒకటి మిగులు, 1+25 = 26. భాగించదు. నోటితో అయిపోతుంది. 349 దగ్గర గుండె ఆగినంత పనైంది, మిగులు 3. వెంటనే తర్వాతి 353కి నాలుగు తక్కువైంది. అక్కడ నుంచి మళ్లీ ఏమీ లేదు. చివరి సంఖ్య 709 దగ్గర 724లో 15 మిగిలింది, 225 + 25 = 250. అది కూడా కాదు.

కాబట్టి 524201 ప్రధాన సంఖ్య. కావలి పిన్‌కు భాజకాలు రెండే, 1, తాను. ఆ రాత్రి పదిన్నరకు మా ఆవిడను లేపి ఈ విషయం చెప్పాను. “అయితే ఏందంట?” అని అటు తిరిగి పడుకుంది. కావలిలో మా తోడల్లుడికి ఫోన్ చేయలేదు, అంత ధైర్యం లేదు.

రెండు వర్గాల మాట వచ్చింది కాబట్టి నెల్లూరును కూడా అడిగి చూద్దాం. 524001ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది, కావలికీ అంతే. చూడగానే ఇదీ రెండు వర్గాల మొత్తం అవుతుందేమో అనిపిస్తుంది. కాదు. లోపల 3, 19 ఒక్కోసారే ఉన్నాయి, రెండూ ఆ అడ్డం పెట్టే జాతివే. వాటిని తీసేస్తే మిగిలే 29×317 మాత్రం అవుతుంది, అదీ రెండు రకాలుగా. 29 = 5² + 2². 317 = 14² + 11². ఇలాంటి రెండు మొత్తాలను గుణిస్తే మళ్లీ అలాంటి మొత్తమే వస్తుందని ఏడో శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు చెప్పిన సూత్రం ఉంది. 5×14 లోంచి 2×11 తీసేస్తే 48, 5×11కి 2×14 కలిపితే 83. అలాగే మొదటిచోట కలిపి రెండోచోట తీసేస్తే 92, 27.

9193 = 48² + 83² = 92² + 27²

ఈ రెండూ మీ చేత్తో ఒకసారి వేసి చూడండి. 2304 + 6889, 8464 + 729. సరిపోయినప్పుడు వచ్చే ఆనందం నేను రాస్తే రాదు. ఒక సంఖ్య ఇలా రెండు రకాలుగా రెండు వర్గాల మొత్తమైతే అది ప్రధానం కాదని కూడా అక్కడే తేలిపోతుంది. ప్రధాన సంఖ్యకు దారంటూ ఉంటే ఒక్కటే ఉంటుంది. కావలికి 724, 5 తప్ప ఇంకో జంట మీరు ఎంత వెతికినా దొరకదు.

ఆఖరి పని, కావలి పిన్‌ను ఒంగోలులో దొరికిన 16871తో గుణించండి. రెండూ ప్రధానాలే. 524201×16871 = 8,84,37,95,071. ఎనిమిది వందల ఎనభై నాలుగు కోట్ల ముప్పై ఏడు లక్షల తొంభై ఐదు వేల డెబ్భై ఒకటి. తొమ్మిదులు తీసి చూసుకోండి: 5×5 = 25, అంటే 7. ఫలితం అంకెల మొత్తం 52, అది కూడా 7. గుణించడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఈ పదంకెల సంఖ్యను మాత్రమే పక్కింటి వాళ్లకిచ్చి కారణాంకాలు అడగండి. వాళ్లు 16871 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ వరసగా చూసుకుంటూ రావాలి. ఫెర్మా పద్ధతి కూడా ఇక్కడ ఆదుకోదు, రెండూ అంత ఎడం.

కలపడం తేలిక, విప్పడం కష్టం అనే ఈ తేడా మీదే 1977లో రివెస్ట్, షమీర్, ఎడల్‌మన్ అనే ముగ్గురు ఒక రహస్య లిపి కట్టారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్.ఎస్.ఏ. అంటారు. వాళ్ల పద్ధతికి సవాలుగా పెట్టిన సంఖ్యల్లో 250 అంకెలదాన్ని 2020లో విప్పారు, అదీ ఎన్నో కంప్యూటర్లు కలిసి చేస్తే. ఇప్పుడు మామూలుగా వాడేవి 617 అంకెలవి. మన పెన్సిల్‌కు అక్కడ పని లేదు.

మన పెన్సిల్‌కు పనుంది గూడూరులో. 524101ని నేను కావాలనే మీకు వదిలేశాను. చివర 1, అంకెల మొత్తం 13, 524 − 101 = 423, దాన్ని 7తో భాగిస్తే 3, 11తో 5, 13తో 7 మిగులుతాయి. అక్కడిదాకా నేనే చేశాను. 17 నుంచి మీరు మొదలుపెట్టండి. మొదటి కారణాంకం తొందరగానే తగులుతుంది. మిగిలినదాన్ని తేల్చడానికి 149 దాకా వెళ్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉంచుకోండి.